టయోటా మన్నిక: నిజమెంత, పేరెంత?

గోదారి_గట్టు (రాజమహేంద్రవరం)

అందరికీ నమస్కారం. ఇంట్లో తేలని తగాదా ఒకటి ఇక్కడికి తెస్తున్నాను. 2012 నాటి ఇన్నోవా ఒకటి అమ్మకానికి వచ్చింది. 2,80,000 కిలోమీటర్లు తిరిగింది. వాళ్లు చెబుతున్న ధరకు ఇంకో కంపెనీ బండి అయిదారేళ్లు లేతది దొరుకుతుంది. "ఇంత తిరిగినదానికి అంత పోయాలా?" అని నేను. "అది టయోటా అయ్యా, నీ కొడుకు పెళ్లికి కూడా దాన్నే తిప్పుతావు" అని మా బావగారు. నా కొడుక్కి నాలుగేళ్లు.

బండి కొనాలా వద్దా అన్నది తర్వాతి సంగతి. ఈ నమ్మకం ఎక్కడ పుట్టిందో తెలుసుకోవాలని ఉంది. వాళ్ల ఇనుము వేరా? లేక అనగ అనగ రాగం అతిశయించినట్టు, అందరూ అనబట్టే నిజమైపోయిందా? చరిత్ర చదివినవాళ్లు, చేతులకు గ్రీజు అంటినవాళ్లు ఇద్దరూ చెప్పండి.

ఆయిల్_మరక (విజయవాడ)

గ్రీజు అంటినవాణ్ణి నేనున్నాను. ఆటోనగర్‌లో ముప్పై అయిదేళ్లు. ఇనుము అందరిదీ ఒకటే బాబూ. తేడా ఎక్కడంటే, ఎద్దుకు ఎంత కాడి వేశారన్న దగ్గర. మీరు చూస్తున్న ఇన్నోవాలో ఉన్నది రెండున్నర లీటర్ల డీజిల్ ఇంజన్. దాని నుంచి తీసుకున్నది 102 హార్స్‌పవర్. అదే కాలంలో మరికొందరు రెండు లీటర్ల డీజిల్ నుంచి 140 దాకా పిండేవారు. నడిపేటప్పుడు ఆ 140 బండే హుషారుగా ఉంటుంది, కాదనను. పదేళ్ల తర్వాత నా షెడ్డుకు ఏది ముందు వస్తుందో మీరే ఊహించుకోండి. దానికి ముందు వచ్చిన క్వాలిస్ ఇంకా నెమ్మది. 2.4 లీటర్లు, 75 హార్స్‌పవర్. ఘాట్ ఎక్కేటప్పుడు వెనకవాళ్లు హారన్ కొడుతూనే ఉండేవారు, అది మాత్రం ఎక్కేసేది.

ఇంకో ముచ్చట. టయోటా మన దేశానికి 2000లో క్వాలిస్‌తో వచ్చిందని కుర్రాళ్లు అనుకుంటారు. అంతకు చాలా ముందే, 1980లలో, జపాన్ వాళ్లతో కలిసి నాలుగు చిన్న లారీలు దిగాయి: డీసీఎం టయోటా, ఆల్విన్ నిస్సాన్, స్వరాజ్ మాజ్డా, ఐషర్ మిత్సుబిషి. ఆల్విన్‌ది మన జహీరాబాద్‌లోనే తయారయ్యేది. డీసీఎం కంపెనీ తర్వాత కొరియావాళ్ల చేతికి పోయింది, టయోటా వెళ్లిపోయింది. కానీ ఆ సైజు లారీ ఏ కంపెనీదైనా సరే, మనవాళ్లకు అది నేటికీ "డీసీఎం వ్యాను". పేపర్లో కూడా "డీసీఎం బోల్తా" అనే రాస్తారు. టయోటా పేరు రాలిపోయి, పక్కనున్న పేరు మిగిలింది. పేరు చేసే చిత్రాలు ఇలాగే ఉంటాయి.

చరిత్ర_చెదపురుగు (హైదరాబాద్)

ఆయిల్_మరక గారూ, డీసీఎం ముచ్చటకు దండం. ఇక నా వంతు.

టయోటా కథ కారుతో మొదలుకాదు, మగ్గంతో మొదలవుతుంది. సకీచీ టయోడా 1867లో ఒక వడ్రంగి ఇంట పుట్టాడు. 1891లో చెక్క చేమగ్గానికి తొలి పేటెంటు తీసుకున్నాడు. మగ్గాన్ని బాగుచేస్తూ బాగుచేస్తూ 1924 నాటికి జీ రకం ఆటోమేటిక్ మగ్గం దగ్గరికి వచ్చాడు. ఆ మగ్గాలు చేయడానికే 1926లో కరియా ఊళ్లో టయోడా ఆటోమేటిక్ లూమ్ వర్క్స్ పెట్టారు. 1929లో ఇంగ్లండ్‌లోని ప్లాట్ బ్రదర్స్ ఆ పేటెంటు హక్కులకు లక్ష పౌండ్ల ఒప్పందం రాసుకుంది. ప్రపంచానికి మరమగ్గాలు అమ్మిన ఇంగ్లండే జపాన్ మగ్గం హక్కులు కొనుక్కుందంటే అప్పట్లో ఎంత మాటో చూడండి.

సకీచీ కొడుకు కీచిరో. ఆయనకు కార్ల పిచ్చి. 1933లో మగ్గాల కంపెనీలోనే ఒక మూల మోటారు విభాగం తెరిచాడు. అప్పటికి జపాన్‌లో ఫోర్డ్ యోకోహామాలో, జనరల్ మోటార్స్ ఒసాకాలో బండ్లు బిగించి అమ్ముతున్నాయి. 1935లో జీ1 లారీ, 1936లో ఏఏ కారు బయటికి వచ్చాయి. ఇంజన్ షెవ్రొలే చూసి, ఒళ్లు క్రైస్లర్ వాళ్ల ఎయిర్‌ఫ్లో చూసి చేసుకున్నవి. 1937 ఆగస్టులో టయోటా మోటార్ కంపెనీ విడిగా నమోదైంది.

మీ బావగారికి చదివి వినిపించాల్సింది ఇదీ: ఆ తొలి జీ1 లారీలు తెగ చెడిపోయేవి. దారిలో ఆగిపోయిన లారీల దగ్గరికి మనుషులను పంపి బాగుచేయించడమే పెద్ద పనిగా ఉండేది. మన్నిక పుట్టుకతో వచ్చిన గుణం కాదు.

గోదారి_గట్టు

టయోడా అంటున్నారు, టయోటా అంటున్నారు. అచ్చుతప్పా?

చరిత్ర_చెదపురుగు

కాదు. ఇంటిపేరు టయోడా. 1936లో కంపెనీ గుర్తు కోసం జనంలో పోటీ పెట్టి, అక్కడి నుంచి "టయోటా"గా మార్చుకున్నారు. జపాన్ లిపిలో ఆ పేరు ఎనిమిది గీతల్లో రాయవచ్చు, ఎనిమిది వాళ్లకు కలిసొచ్చే అంకె. పలకడానికీ తేలిక. న్యూమరాలజీ మనకొక్కరికే సొంతం కాదు. తర్వాత 1959లో ఊరు కూడా పేరు మార్చుకుంది. కొరోమో అనే పట్టణం టయోటా నగరమైంది.

పడుగుపేక (సిరిసిల్ల)

మగ్గం అన్నారు కాబట్టి వచ్చాను. లేకపోతే కార్ల చర్చలో నాకేం పని, నాది స్కూటరు.

మా నాన్న మరమగ్గాల కార్మికుడు. ఒక్క మనిషి ఆరో ఎనిమిదో మగ్గాలు చూసుకోవాలి. అటు నూలు కండె అయిపోతుంది, ఇటు పడుగులో (నిలువు దారాల్లో) పోగు తెగుతుంది. తెగిన సంగతి కంటికి ఆనకపోతే మగ్గం నేస్తూనే పోతుంది. గజాల కొద్దీ బట్టలో గీత పడుతుంది. ఆ గీత కూలిలోంచి పోతుంది. కాబట్టి మా నాన్న కళ్లు ఎప్పుడూ పోగుల మీదే. సినిమాకు వెళ్లినా తెర మీద గీతలు వెతికేవాడని అమ్మ నవ్వేది.

సకీచీ చేసింది ఏమిటంటే, ఆ కన్నును మగ్గానికి పెట్టాడు. పడుగులో పోగు బిగువుగా ఉన్నంతసేపు దాని మీద ఒక సన్నని రేకు నిలబడి ఉంటుంది. పోగు తెగిందా, రేకు కింద పడుతుంది, మగ్గం ఆగిపోతుంది. అడ్డంగా వెళ్లే పేక తెగినా ఆగుతుంది. పేకను అటూ ఇటూ మోసే నాడెలో నూలు అయిపోతే మగ్గం ఆగకుండానే కొత్త నాడె వచ్చి చేరుతుంది. అందుకని ఒక మనిషి ముప్పైకి పైగా మగ్గాలు చూడగలిగాడు. మనిషి మగ్గాన్ని కాపలా కాయక్కర్లేదు. ఆగినదాని దగ్గరికి వెళ్తే చాలు.

ఇది కార్లలోకి ఎలా వెళ్లిందో చెదపురుగు గారు చెబుతారు. నాకు తెలిసింది మగ్గం దాకానే.

చరిత్ర_చెదపురుగు

పడుగుపేక గారూ, మీరు అసలు ముడి విప్పేశారు. టయోటా ఫ్యాక్టరీలో దీని పేరు జిడోకా. "తనంతట తాను కదిలేది" అన్న మాటలోని అక్షరానికి మనిషి గుర్తు ఒకటి చేర్చి రాస్తారు. మనిషి తెలివి ఉన్న యంత్రం అన్నమాట. అసెంబ్లీ లైనులో పనివాడి తలపైన ఒక తాడు వేలాడుతుంది. ఏదైనా తేడాగా కనిపిస్తే లాగుతాడు. దీపం వెలుగుతుంది, పైవాడు పరుగున వస్తాడు. అప్పటికప్పుడు సర్దుబాటు కాకపోతే లైను ఆగుతుంది. తెగిన పోగు, పడిన రేకు, ఆగిన మగ్గం. అచ్చంగా అదే.

దీన్ని వ్యవస్థగా అల్లినవాడు తాయిచీ ఓనో. ఆయన కూడా టయోడా వాళ్ల నేత మిల్లు నుంచే కార్లకు వచ్చినవాడు. ఆ వ్యవస్థలో రెండో సగం ఆయనకు అమెరికా సూపర్‌మార్కెట్ల పద్ధతి నుంచి తట్టింది: కొనేవాడు తీసుకున్నంతే మళ్లీ అరలో నింపాలి. ఫ్యాక్టరీలో ఎప్పుడు ఎంత కావాలో అప్పుడు అంతే తెప్పించడం. నిల్వ కుప్పలు లేకపోతే పాడైన భాగం దాక్కోవడానికి చోటుండదు. కుప్ప ఉంటే చెడ్డది పక్కన పడేసి ఇంకోటి తీస్తాం. కుప్ప లేకపోతే ఎందుకు చెడిందో కనుక్కోక తప్పదు. "ఎందుకు" అని అయిదుసార్లు అడగమనేవాడు ఓనో.

ఇదంతా డబ్బున్నప్పుడు పుట్టలేదు. 1950లో టయోటా దివాలా అంచున ఉంది. బ్యాంకులు షరతులు పెట్టాయి, వెయ్యి మందికి పైగా తీసేయాల్సి వచ్చింది, సమ్మె నడిచింది. కీచిరో బాధ్యత తీసుకుని రాజీనామా చేశాడు. అదే నెలలో కొరియా యుద్ధం మొదలై, అమెరికా సైన్యం లారీలకు ఆర్డర్లు ఇచ్చింది. కంపెనీ బతికింది. కీచిరో 1952లో పోయాడు, దాని పెరుగుదల చూడనే లేదు. ఆయన దాయాది ఏజీ టయోడా 1950లోనే ఫోర్డ్ ఫ్యాక్టరీ చూడటానికి అమెరికా వెళ్లి, అంతంత నిల్వలు పెట్టుకోవడానికి తమకు డబ్బూ లేదు చోటూ లేదన్న ఎరుకతో తిరిగొచ్చాడు.

డాలస్_పిన్ని (ప్లేనో, టెక్సాస్)

అబ్బాయిలూ, అమెరికా అధ్యాయం నాకు వదిలేయండి. ఇరవై ఆరేళ్లుగా ఇక్కడున్నాను. మా ఊళ్లోనే 2017 నుంచి టయోటా ఉత్తర అమెరికా ప్రధాన కార్యాలయం.

ఇక్కడ టయోటా మొదటి అడుగు బోర్లా పడింది. 1957లో కాలిఫోర్నియాలో దుకాణం తెరిచారు. 1958 మొత్తానికి 288 బండ్లు అమ్మారు. 287 టయోపెట్ క్రౌన్ కార్లు, ఒకే ఒక్క ల్యాండ్ క్రూయిజర్. క్రౌన్ జపాన్ రోడ్లకు చేసిన బరువైన బండి. ఇక్కడి హైవే మీద వేగానికి వేడెక్కేది, ఊగిపోయేది. 1960లో ఆ కారు పంపడమే ఆపేశారు. అయిదేళ్లు ఆగి 1965లో కరోనా తెచ్చారు. (పాపం, ఆ పేరు తర్వాత ఏమైందో మనకు తెలుసు.) అది నిలబడింది. 1966లో జపాన్‌లో కరోలా పుట్టింది. 1973 చమురు సంక్షోభం వచ్చాక చిన్న బండి అంటే ముక్కు విరిచినవాళ్లే వరుస కట్టారు. 1997కు కరోలా అమ్మకాల్లో బీటిల్‌ను కూడా దాటేసింది.

మనవాళ్ల సంగతికి వస్తే, నేను వచ్చిన కొత్తలో చదువుకోవడానికి వచ్చిన ప్రతి తెలుగు అబ్బాయీ ముందు నలుగురితో కలిసి పాత కరోలా కొనేవాడు. ఉద్యోగం రాగానే క్యామ్రీ. గుడి దగ్గర పార్కింగులో మన కారు ఏదో తెలియక రిమోట్ నొక్కి లైట్లు చూసుకునేవాళ్లం. దానికి కారణం ప్రేమ కాదు, లెక్క. అయిదేళ్లు వాడి అమ్మినా సగానికి పైగా డబ్బు తిరిగొచ్చేది. మళ్లీ ఆ లెక్క కూడా ఎవరో అన్నగారు చెప్పిందే.

సందేహాల_పుట్ట (హైదరాబాద్)

భజన బాగుంది. నేను తాళం తప్పిస్తాను, తిట్టుకోకండి. వాహనాల్లోని సాఫ్ట్‌వేర్ రాయడం నా వృత్తి.

తాడు లాగితే లైను ఆగుతుందన్నారు. 2009లో ఎవరు లాగారు? ఆ ఆగస్టులో శాన్ డియేగో దగ్గర ఒక లెక్సస్ కారు (టయోటా వాళ్ల ఖరీదైన బ్రాండే) అదుపు తప్పి నలుగురు చనిపోయారు. కింద పరిచిన మ్యాటు యాక్సిలరేటరుకు అడ్డం పడింది. ఆ తర్వాత మ్యాట్లకు ఒక రీకాల్, బిగుసుకుపోయే పెడళ్లకు ఇంకొకటి. 2010 జనవరిలో అమెరికాలో ఎనిమిది మోడళ్ల అమ్మకం ఆపేశారు. ఫిబ్రవరిలో కంపెనీ అధ్యక్షుడు అకియో టయోడా అమెరికా కాంగ్రెసు ముందు కూర్చుని క్షమాపణ చెప్పాల్సి వచ్చింది. మా పెరుగుదల మరీ వేగమైపోయింది, ముందు భద్రత, తర్వాత నాణ్యత, ఆపైన సంఖ్య అన్న వరుస తారుమారైందని ఆయనే ఒప్పుకున్నాడు. 2008లోనే జనరల్ మోటార్స్‌ను దాటి ప్రపంచంలో మొదటి స్థానానికి వచ్చారన్నది మరవకండి. 2014లో అమెరికా న్యాయశాఖతో 120 కోట్ల డాలర్లకు రాజీ. దేనికి? పెడళ్ల సంగతి జనానికి సరిగా చెప్పనందుకు.

ఇదొక్కటే కాదు. 1997 నుంచి 2002 దాకా వచ్చిన కొన్ని ఇంజన్లలో నూనె గడ్డకట్టి జిగురుగా మారే గొడవ. టకోమా పికప్‌లు, మరికొన్ని బండ్ల ఛాసిస్ తుప్పు పట్టి తినేస్తే 2016లో సుమారు 15 లక్షల బండ్లకు సంబంధించిన రాజీ. 2024లో టండ్రా పికప్ కొత్త వీ6 ఇంజన్లలో, తయారీలో మిగిలిన లోహపు రజను ఉండిపోయిందని దాదాపు లక్ష బండ్ల రీకాల్. రజను! ఇంజన్ దిమ్మ కడిగి శుభ్రం చేయడంలో లోపం. ఇది ఏ తాడు కింద జరిగింది?

డాలస్_పిన్ని

నాయనా, తప్పు కారు ఎలక్ట్రానిక్స్‌లోనే ఉందని అప్పట్లో వచ్చిన ఆరోపణ మాట కూడా పూర్తిగా చెప్పు. నాసావాళ్లు పది నెలలు పరీక్షించి, హఠాత్తుగా వేగం పుంజుకోవడానికి ఎలక్ట్రానిక్ కారణం కనబడలేదని 2011లో తేల్చారు.

సందేహాల_పుట్ట

పూర్తిగానే చెబుతాను పిన్నిగారూ. "కనబడలేదు" అన్నారు, "లేదు" అనలేదు. 2013లో ఓక్లహోమా కోర్టులో నిపుణులు యాక్సిలరేటరును నడిపే ఆ సాఫ్ట్‌వేర్‌ను చీల్చి చెండాడారు, జ్యూరీ బాధితుల పక్షాన తీర్పు ఇచ్చింది. ఆ తర్వాత కంపెనీ రాజీ చేసుకుంది. నా వృత్తిలో ఆ కేసును ఇప్పటికీ పాఠంగా చెప్పుకుంటారు. అయితే ఒక మాట ఒప్పుకుంటాను, చాలా ఫిర్యాదుల్లో డ్రైవరు బ్రేకు అనుకుని యాక్సిలరేటరు తొక్కి ఉంటాడు. రెండూ నిజం కావచ్చు.

ఆయిల్_మరక

పుట్ట గారూ, రీకాల్ వేరు, మన్నిక వేరు. రీకాల్ అంటే ప్రమాదం ఉందని పిలిచి బాగుచేయడం. మన్నిక అంటే నా షెడ్డుకు ఎన్నిసార్లు వస్తుందన్నది. రెండూ కలిపి తూచకండి.

ఇనుములో ఏమీ లేదని ముందే అన్నాను. ఇంకో రహస్యం చెబుతాను: వాళ్లు ఆలస్యంగా మారతారు. అమెరికాలో కరోలా 2013 మోడల్ దాకా నాలుగు గేర్ల ఆటోమేటిక్‌తోనే అమ్మారు. పక్కవాళ్లు ఆరుకు వెళ్లిపోయారు. పత్రికలవాళ్లు ఎగతాళి చేశారు. కానీ ఆ నాలుగు గేర్ల పెట్టెలో తెలియని రోగమంటూ ఏదీ మిగల్లేదు. కొత్తది తెచ్చినప్పుడే దెబ్బ తింటారు, మీరు చెప్పిన టండ్రా ఇంజనే సాక్ష్యం. పెద్ద ఇంజన్ తీసి టర్బోలు రెండు పెట్టిన కొత్త కాపురం అది.

దీనికి ఎదురు చెప్పేది ఒకటుంది. 1997 డిసెంబరులో ప్రియస్ వచ్చింది, పెట్రోలు ఇంజన్, బ్యాటరీ మోటారు రెండూ ఉన్న హైబ్రిడ్ కారు. అంతకంటే కొత్తది ఏముంటుంది? అది మన్నింది. ఎందుకంటే దాని గేరుబాక్సు విప్పితే లోపల బెల్టు లేదు, క్లచ్చి లేదు. సూర్యుడి చుట్టూ గ్రహాల్లా తిరిగే ఒక గేర్ల గుత్తి, రెండు మోటార్లు. విడిగా స్టార్టరు మోటారు లేదు, ఆల్టర్నేటరు లేదు. నేను మొదటిసారి బొమ్మ చూసినప్పుడు ఏదో పేజీ చిరిగిపోయిందనుకున్నాను. ఆలోచన కొత్తది, అరిగే భాగాలు తక్కువ. ఇప్పుడు ఇన్నోవా హైక్రాస్ హైబ్రిడ్‌లో ఉన్నదీ ఆ వంశమే.

కువైట్_సారథి (కువైట్, సొంతూరు కడప జిల్లా)

సార్లందరికీ నమస్తే. నేను పదహారేళ్లుగా ఇక్కడ ఇంటి డ్రైవర్‌ను. మా కఫీల్‌కు (యజమానికి) ల్యాండ్ క్రూయిజర్, పొలం దగ్గరికి హైలక్స్ పికప్, పిల్లల బడికి హయేస్ వ్యాను, అన్నీ టయోటావే. వేసవిలో 50 డిగ్రీలు. ఇసుక. ఏసీ రాత్రింబవళ్లు. నాకు చరిత్ర తెలియదు కానీ ఒకటి తెలుసు. ఎడారి మధ్యలో బండి ఆగిందంటే కావాల్సింది గొప్ప ఇంజనీరు కాదు, ఆ దారిన వచ్చే ఎవరికైనా తెలిసిన బండి. హైలక్స్ ఫిల్టరు బక్కాలా (కిరాణా) దుకాణం పక్కన కూడా దొరుకుతుంది. 70 సిరీస్ ల్యాండ్ క్రూయిజర్ 1984లో వచ్చింది, ఇప్పటికీ చేస్తున్నారు. ముందటి డ్రైవరు నేర్పింది తర్వాతి డ్రైవరుకు పనికొస్తుంది.

1987లో చాద్, లిబియా దేశాల యుద్ధం చివరి ఘట్టానికి "టయోటా యుద్ధం" అనే పేరు పడింది. చాద్ సైనికులు టయోటా పికప్‌ల మీదే ఎడారి దాటి ట్యాంకులను కొట్టారు. ఇక్కడ సూడాన్ డ్రైవర్లు టీ తాగుతూ ఆ కథ చెబుతుంటారు. కంపెనీ అడిగి తెచ్చుకున్న పేరు కాదు అది.

వేదిక_పెద్ద

చర్చ బాగా నడుస్తోంది. ఒక మనవి. "ఫలానా కంపెనీ బండి డబ్బా" అని రాసిన రెండు టపాలు తొలగించాను. టయోటాను మెచ్చుకోవడానికి ఇంకొకరిని తిట్టాల్సిన పని లేదు.

చరిత్ర_చెదపురుగు

పేరు విలువ ఎంత అని గోదారి_గట్టు గారు అడిగిన ప్రశ్నకు ఎవరూ సూటిగా జవాబివ్వలేదు. ప్రయోగశాలలో పెట్టి కొలిచినట్టు ఒక ఉదాహరణ ఉంది.

కాలిఫోర్నియాలోని ఫ్రీమాంట్‌లో జనరల్ మోటార్స్ ఫ్యాక్టరీ ఒకటి 1982లో మూతపడింది. గైర్హాజరీలకు, గొడవలకు పేరుమోసిన చోటు. 1984లో జీఎం, టయోటా కలిసి దాన్ని నుమీ అనే పేరుతో తెరిచాయి. పనివాళ్లు చాలామంది పాతవాళ్లే. కొందరిని జపాన్ పంపి టకావోకా ఫ్యాక్టరీలో చూపించారు. తలపైన తాడు పెట్టారు. లైను ఆపితే ఉద్యోగం పోతుందని నేర్చుకున్న మనుషులకు, లైను ఆపితే మెచ్చుకుంటారని చెప్పారు. అదే కప్పు కింద, అవే చేతులతో నాణ్యత మారిపోయింది. అంటే జపాన్ నీళ్లలో ఏమీ లేదన్నమాట.

అసలు తమాషా తర్వాత ఉంది. ఆ లైను మీద టయోటా కరోలా, జీఎం అమ్ముకున్న దాని కవల జియో ప్రిజమ్ రెండూ తయారయ్యాయి. ఇంజన్ ఒకటే, ఎముకలు ఒకటే. మారింది ముఖం, బిళ్ల. ప్రిజమ్ సెకండ్ హ్యాండ్‌లో తక్కువకే పోయేది! అది చౌక బండన్న పేరున్నందుకు. ఆ తేడా ఎంతో అంతే, మీరు పేరుకు కడుతున్న డబ్బు.

డాలస్_పిన్ని

నా మొదటి కారు ప్రిజమే! పదకొండేళ్లు నడిపాను. "అయ్యో, కరోలా కొనుక్కోలేకపోయావా" అని జాలిపడినవాళ్లు ఇప్పటికీ గుర్తున్నారు.

సందేహాల_పుట్ట

మన దగ్గర ఇదే ఆట తిరగేసి ఆడారు. 2019లో గ్లాంజా వచ్చింది. అది సుజుకి గుజరాత్‌లో చేసే మారుతి బలెనోయే, బిళ్ల మార్చారంతే. టయోటా వారంటీ మాత్రం ఎక్కువ ఇచ్చింది: అప్పట్లో బలెనోకు రెండేళ్లు లేదా 40,000 కిలోమీటర్లు ఉంటే, గ్లాంజాకు మూడేళ్లు లేదా లక్ష. తర్వాత వచ్చిన రూమియన్ కూడా అంతే, మారుతి ఎర్టిగాయే. అదే బండిని టయోటా బిళ్లతో చూడగానే మా అపార్ట్‌మెంటులో ఒకాయన "ఆ తలుపు చప్పుడు విన్నారా, టయోటా చప్పుడు" అన్నారు. నేను నోరు మూసుకున్నాను.

పడుగుపేక

నాలుగు రోజులుగా అందరివీ చదువుతున్నాను. ఎవరూ ఎత్తని సంగతి ఒకటుంది, మగ్గాల మనిషిగా నాకే గుచ్చుకుంది.

2024 జనవరిలో ఇన్నోవా క్రిస్టా, ఫార్చునర్, హైలక్స్ బండ్లు బిడదిలోని ఫ్యాక్టరీ నుంచి పంపడం కొన్ని రోజులు ఆపారు, గుర్తుందా? డీజిల్ ఇంజన్ల శక్తి పరీక్షలో, అమ్మే బండ్లలో లేని సాఫ్ట్‌వేర్ వాడి అంకెలు నున్నగా కనిపించేలా చేశారని తేలింది. ఇంజన్లు చెడ్డవని కాదు, పరీక్ష కాగితం నిజాయితీగా లేదని. ఆ ఇంజన్లు చేసిన కంపెనీ పేరు టయోటా ఇండస్ట్రీస్. ఎవరా ఇండస్ట్రీస్ అని వెతికితే, 1926లో కరియాలో పెట్టిన ఆ మగ్గాల కంపెనీయే. పేరు మారింది, అంతే. సకీచీ సొంత ఇల్లు.

దానికి ఒక నెల ముందే టయోటా చేతికింది దైహత్సు కంపెనీలో, 64 మోడళ్ల భద్రతా పరీక్షల్లో అవకతవకలు బయటపడ్డాయి. కొన్ని 1989 నాటివి. పోగు తెగి ముప్పై నాలుగేళ్లు. రేకు పడలేదు. మా నాన్నకు చెబితే ఒక్క మాటే అన్నాడు: "కూలి కోస్తారని భయం ఉన్నచోట తెగిన పోగును ఎవడూ చూపించడు. చేత్తో కప్పి నేసుకుపోతాడు." ఆ విచారణల్లో కూడా గడువుల ఒత్తిడి అన్న మాటే వచ్చింది.

చరిత్ర_చెదపురుగు

మీ నాన్నగారికి నా నమస్కారం చెప్పండి. ఇది నాకు తట్టనే లేదు.

సందేహాల_పుట్ట

నేను పది లింకులు పెట్టి చెప్పాలనుకున్నది ఆయన ఒక్క వాక్యంలో చెప్పేశారు. ఒక చేర్పు: 2024 డిసెంబరులో అమెరికాలోని కన్స్యూమర్ రిపోర్ట్స్ మన్నిక జాబితాలో సుబారు మొదట, లెక్సస్ రెండు, టయోటా మూడు. అంటే పడిపోయినా పడింది మూడో మెట్టు మీదే. అది రాయకపోతే నేను అన్యాయం చేసినట్టు.

గోదారి_గట్టు

బావగారికి మొత్తం చదివి వినిపించాను. మగ్గం దాకా మీసం మెలేశారు, ప్రిజమ్ దగ్గర దగ్గారు, మా సిరిసిల్ల పెద్దాయన మాట దగ్గర మౌనం. ఆదివారం బండి చూడటానికి వెళ్తున్నాం. ఆయిల్_మరక గారూ, ఏం చూడాలో చెప్పండి.

ఆయిల్_మరక

ముందు టైమింగ్ బెల్టు ఎప్పుడు మార్చారో బిల్లు అడగండి. మాట వద్దు, బిల్లు. అది తెగితే ఇంజన్ టయోటాదైనా గోవిందా. రెండోది, మీరు వస్తున్నారని తెలిసినా ఇంజన్ చల్లగానే ఉంచమని చెప్పండి. చల్లగా ఉన్నప్పుడే పొగ, చప్పుడు నిజం చెబుతాయి. వెళ్లగానే బానెట్ మీద చెయ్యి పెట్టండి. వేడిగా ఉంటే టీ తాగి వచ్చేయండి. మూడోది, పెడళ్ల రబ్బరు చూడండి. మీటరు తిప్పేవాళ్లు రబ్బరు మార్చడం మరచిపోతారు.

గోదారి_గట్టు

వెళ్లొచ్చాం. బానెట్ వేడిగా ఉంది. "పొద్దున్నే గుడికి వెళ్లొచ్చాం" అన్నారు. బిల్లు అడిగితే, "టయోటాకు బెల్టు మార్చక్కర్లేదండీ" అన్నారు. టీ బాగుంది.

దారిలో బావగారు చాలాసేపు మాట్లాడలేదు. ధవళేశ్వరం దాటాక గొంతు సవరించుకుని, "తప్పు బండిది కాదు, మనుషులది" అన్నారు. వచ్చే ఆదివారం కాకినాడలో ఒక ఫార్చునర్ ఉందట.